ఓడిన 31 మంది కోసం ఒక బల్ల

"పందేలేమన్నా ఉంటాయా అమ్మా?"

హాలు ఓనరు గారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. డిసెంబరు ఆఖరి వారం. కాకినాడలో మా పిన్ని వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉన్న చిన్న కల్యాణ మండపం అది. వీడియో గేమ్స్ పోటీలు పెడతాం, ఆ రంగంలో ఉన్న ఉద్యోగాల గురించి పిల్లలకి చెబుతాం, రెండు రోజులు హాలు కావాలి అన్నాను. ఆయన నా వంకా, పక్కనున్న మా తమ్ముడి వంకా చూసి ఆ మాట అడిగారు.

నాకు కోపం రాలేదు. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల్లో ఎవరైనా అడిగే ప్రశ్నే అది. పైగా పేపర్లో గేమింగ్ అన్న మాట కనబడితే దాని పక్కన ఆన్‌లైన్ రమ్మీయో, అప్పులపాలైన కుర్రాడో ఉంటాడు. కూర్చుని నెమ్మదిగా చెప్పాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించిందని, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బాటల్ని దేశమంతటా ఆపేసి, ఇ-స్పోర్ట్స్‌ని, అంటే పందెం లేని వీడియో గేమ్ పోటీల్ని, మాత్రం వేరుగా గుర్తించిందని. మేం పెట్టేది ఆ రెండోదని. చివరికి ఒక తెల్లకాగితం మీద రాసిచ్చాం: ప్రవేశ రుసుము లేదు, నగదు బహుమతి లేదు, ఎక్కడైనా పందెం కనబడితే ఆ ఆట అక్కడితో ఆపేస్తాం. అదే కాగితం కాపీ పోలీస్ స్టేషన్‌లో కూడా ఇచ్చి వచ్చాం. పుష్యమాసం, ముహూర్తాలు లేవు, హాలు ఎలాగూ ఖాళీ. సగం అద్దెకే ఇచ్చారు. కనుమ మర్నాడు శనివారం, ఆ తర్వాతి ఆదివారం. పండక్కి ఊరొచ్చినవాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉంటారు.

నేను హైదరాబాదులో ఆరేళ్ళుగా గేమ్ టెస్టర్‌ని. విడుదలకి ముందు ఆటని ఆడి, ఎక్కడ విరుగుతుందో వెతికి, అది మళ్ళీ ఎలా విరుగుతుందో రాసిపెట్టే పని. 2022 నవంబరులో ఒకే నెలలో రెండు చోట్లకి వెళ్ళాను. హెచ్‌ఐసీసీలో ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్, హైటెక్స్‌లో డ్రీమ్‌హ్యాక్. మొదటిదాంట్లో ఆటలు తయారుచేసేవాళ్ళు, మెడలో పాసులు, విజిటింగ్ కార్డులు. రెండోదాంట్లో ఆడేవాళ్ళు, చెవులు చిల్లులు పడే కేకలు. రెండు హాళ్ళూ దగ్గరదగ్గరే. కానీ మొదటిదాంట్లోవాళ్ళు రెండోదాంట్లో కనబడలేదు, రెండోదాంట్లోవాళ్ళు మొదటిదాంట్లో కనబడలేదు. మా తమ్ముడి లాంటివాడు, అంటే కాకినాడలో పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతూ, సాయంత్రమైతే గేమింగ్ పార్లర్‌లో టెక్కెన్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోరాటం ఆట) ఆడేవాడు, ఆ రెండింటికీ రాలేడు. గౌతమి రైల్లో రాత్రంతా కూర్చుని వచ్చినా, ఏ గుమ్మంలోకి వెళ్ళాలో తెలియదు. ఈ రెండు గుమ్మాల్నీ ఒకే హాల్లో పెట్టాలన్నది అప్పటినుంచీ నా మనసులో ఉన్న కోరిక. స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ మొదలైంది మాలుంగ్ అనే చిన్న ఊళ్ళో, 1994లో, ఒక బడి భవనంలో. మాకు కల్యాణ మండపం దొరికింది.

సామాన్లు పార్లర్ అన్నయ్య ఇచ్చాడు. నాలుగు పీఎస్4లు, నాలుగు టీవీలు. కుర్రాళ్ళందరూ టెక్కెన్ 8 పెట్టమన్నారు. అది పీఎస్4లో నడవదు, ఊళ్ళో మాకు దొరికిన పీఎస్5లు రెండే. అందుకని టెక్కెన్ 7. పక్కన మొబైల్ మీద బీజీఎంఐ, జట్లుగా దిగి ఆఖరివరకూ మిగలాల్సిన తుపాకుల ఆట.

టీవీల దగ్గర ఒక పూట గడిచిపోయింది. ఆ పూట గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆటని కాలక్షేపంగా చూసేవాళ్ళకి అందులో ఎంత లెక్క ఉందో ఇక్కడే తెలుస్తుంది. టెక్కెన్ సెకనుకి 60 ఫ్రేముల మీద నడుస్తుంది, అంటే తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది. ఒక ఫ్రేము అంటే 16 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆటలో చాలా పాత్రలు వేసే అతి వేగమైన చేతి దెబ్బ పది ఫ్రేముల్లో తగులుతుంది. ఇప్పుడు టీవీ తన సొంత తెలివితో బొమ్మకి మెరుగులు దిద్దుతూ 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపించిందనుకోండి, ఆడేవాడికి మూడు ఫ్రేములు పోయినట్టే. పది ఫ్రేముల దెబ్బ అతని కంటికి ఏడు ఫ్రేములే కనబడుతుంది. ఒక టీవీలో ఈ మెరుగుల్ని ఆపే గేమ్ మోడ్ ఉండి, పక్క టీవీలో లేకపోతే అది పోటీ కాదు. హాలు వాళ్ళ ప్రొజెక్టరు మీద ఫైనల్ ఆడించాలని మా తమ్ముడి ఆశ. పెట్టి చూశాం, గుండీ నొక్కిన తర్వాత చెయ్యి లేచేది కంటికి తెలుస్తోంది. ప్రొజెక్టరు చూసేవాళ్ళకి, టీవీ ఆడేవాళ్ళకి అని తేల్చాం. నాలుగు టీవీల్లో ఒక్కోదాని సెట్టింగు వెతికి గేమ్ మోడ్ పెట్టేసరికి రాత్రి పదయింది.

శనివారం బీజీఎంఐ. 16 జట్లు, 64 మంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ఇంట్లో సంతకం పెట్టించిన కాగితం తెస్తేనే కూర్చోనిచ్చాం. ఇద్దరు నాన్నలు కాగితం పంపకుండా స్వయంగా వచ్చారు, సాయంత్రందాకా ఉన్నారు. హాల్లో వైఫై మొదటి మ్యాచ్ పదో నిమిషంలోనే చేతులెత్తేసింది. 64 ఫోన్లు ఒక్క రౌటర్ మీద వేలాడదీయడం మా పొరపాటు. ఎవరి డేటా వాళ్ళు వాడుకోమని చెప్పి మొదటి మ్యాచ్ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాం. లెక్క అందరికీ తెలిసిందే: మొదటి స్థానానికి పది పాయింట్లు, రెండోదానికి ఆరు, అలా తగ్గుతూ, చంపిన ప్రతి శత్రువుకీ ఒకటి. ఒక్క మ్యాచ్ కూడా ఆఖరివరకూ నిలబడి గెలవని పిఠాపురం జట్టు మొత్తం మీద మొదటి స్థానంలో వచ్చింది. అంతకంటే చెప్పడానికి ఏం లేదు, బాగా జరిగింది.

బాగా జరగనిది నేను ఎంతో ఇష్టంగా పెట్టుకున్న పని. పదకొండు గంటలకి పక్క గదిలో, భోజనాల హాల్లో, "ఆటల రంగంలో ఉద్యోగాలు" అని సదస్సు పెట్టాం. 60 కుర్చీలు వేశాం. హైదరాబాదు నుంచి నా స్నేహితులు ముగ్గురు సొంత ఖర్చుతో వచ్చారు. ఒకమ్మాయి బొమ్మలకి త్రీడీ మోడల్స్ చేస్తుంది, ఒకతను శబ్దాలు చేస్తాడు, ఒకతను యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాస్తాడు. స్లైడ్లు తెచ్చారు. కూర్చున్నవాళ్ళు 14 మంది. అందులో తొమ్మిది మంది అమ్మానాన్నలు. పిల్లలందరూ అవతల హాల్లో, కేకలు ఇక్కడికి వినిపిస్తున్నాయి. మా వాళ్ళు ఆ 14 మందికీ గంటసేపు ఎంతో ఓపిగ్గా చెప్పారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ రాత్రి పిన్ని వాళ్ళింట్లో మర్నాటి టెక్కెన్ బ్రాకెట్, అంటే ఎవరితో ఎవరు ఆడాలన్న పట్టిక, గీస్తూ కూర్చున్నాను. 32 మంది, డబుల్ ఎలిమినేషన్. రెండుసార్లు ఓడితేనే బయటికి. ఒకడు గెలవాలంటే మిగతా 31 మంది రెండేసి సార్లు ఓడాలి, అంటే ఇద్దరి మధ్య జరిగే పోటీలు, మా మాటల్లో సెట్లు, 62. గెలిచినవాడు కూడా ఒకసారి ఓడి ఉంటే 63. నాలుగు టీవీలు, సెట్‌కి పన్నెండు నిమిషాలు. మొదటి గంటంపావులోనే ఎనిమిది మంది రెండుసార్లు ఓడిపోయి ఖాళీ అవుతారు. మిగిలినవాళ్ళు సగటున మనిషికి నాలుగున్నర సెట్లు ఆడతారు, అంటే రోజంతా హాల్లో ఉన్నా చేతిలో కంట్రోలర్ ఉండేది గంటలోపే. మిగతాదంతా గోడకి ఆనుకుని ఎదురుచూపు.

ఆ లెక్క వేస్తుంటే తట్టింది. నేను ఉద్యోగాల గదిని ఆటకి పోటీగా పెట్టాను. పెట్టాల్సింది ఆ ఎదురుచూపులో. పైగా ఆ గది గెలిచినవాడికి అక్కర్లేదు, వాడికి కప్పు ఉంది. ఓడిన 31 మందికీ ఆట అంటే ప్రాణమే. పొద్దున్నే వచ్చారు, నెలరోజులు ప్రాక్టీసు చేశారు, పదిన్నరకి ఓడిపోయారు. వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోకుండా ఉండాలంటే నాకు ఒక బల్ల కావాలి, అది బ్రాకెట్ అంటించిన గోడ పక్కనే ఉండాలి.

ఆదివారం పొద్దున్నే స్లైడ్లు పక్కన పెట్టేశాం. పెళ్ళి భోజనాల బల్లలు నాలుగు మోసుకొచ్చి బ్రాకెట్ పక్కన వేశాం. ఒక్కో బల్ల మీద మాటల బదులు ఒక పని. మోడల్స్ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ తెరిచి, చెక్క పెట్టెని ఎవరైనా వచ్చి చెక్కొచ్చు అంది. శబ్దాలతను ఒక పోరాటం క్లిప్ మూగగా పెట్టి, కొబ్బరి చిప్పలు, తడి గుడ్డ, తోటకూర కట్టలు ముందు పెట్టుకుని, దెబ్బకి ఏ చప్పుడు బావుంటుందో మీరే చెయ్యండి అన్నాడు. తోటకూర కాడలు విరిస్తే ఎముక విరిగినట్టు వినిపిస్తుంది. ఆ బల్ల దగ్గర రోజంతా తొక్కిసలాటే. మూడో బల్ల మీద హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో చేసిన అసుర ఆట పెట్టాం, 2017లో వచ్చింది. ఇది మన దగ్గర చేసిందా అని కనీసం పది మంది అడిగి ఉంటారు. దాని పక్కనే కోడ్ రాసే అతను గోడో అనే ఇంకో ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన చిన్న పరుగు ఆట, దాన్ని ముక్కలు విప్పి చూపించడానికి. గోడో ఉచితం, బ్లెండర్ ఉచితం. ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నా మొదలుపెట్టొచ్చు. ఆ మాట విన్నప్పుడు కొందరి మొహాలు మారడం నేను చూశాను.

నాలుగోది నాది. ఆ పరుగు ఆటలోనే కావాలని ఆరు బగ్గులు, అంటే తప్పులు, పెట్టించాను. వెతికి కాగితం మీద రాయాలి. ఏం జరగాలి, ఏం జరిగింది, మళ్ళీ జరిపించాలంటే వరసగా ఏం చెయ్యాలి, ఐదుసార్లు చేస్తే ఎన్నిసార్లు వస్తోంది. తెలుగులో రాయండి అన్నాను. ఇది ముఖ్యం. ఆఫీసులో ఇంగ్లీషులోనే రాస్తాం, నిజమే. కానీ ఇంగ్లీషు రెండేళ్ళలో నేర్చుకోవచ్చు. చూసింది చూసినట్టు వరసలో చెప్పడం రావాలి, అది రానివాడు ఏ భాషలో రాసినా పనికిరాదు.

పది ముప్పావుకల్లా మొదటి ఎనిమిది మంది ఓడారు. ఆరుగురు బల్లల దగ్గరికి వచ్చారు.

వ్యాఖ్యానం గురించి కూడా చెప్పాలి. మైకు పట్టుకోవడానికి మా కుర్రాళ్ళెవరూ ముందుకు రాలేదు. పిల్లాణ్ణి దింపడానికి వచ్చిన పీఈటీ మాస్టారు ఒకరు, చుట్టుపక్కల ఊళ్ళలో కబడ్డీ పోటీలకి మైకు పట్టే ఆయన, "నాకు ఆట తెలీదు గానండీ, మైకు తెలుసు" అన్నారు. ఆయన పక్కన అప్పుడే ఓడిన ఒక అబ్బాయిని కూర్చోబెట్టాం. మాస్టారు "వచ్చాడండీ, లోపలికొచ్చాడు, కాలు తీశాడు, గోడకి నొక్కేశాడు!" అని ఊపు ఇస్తుంటే, ఆ అబ్బాయి మధ్యలో "అది తక్కువ ఎత్తులో వచ్చే దెబ్బ సార్, కూర్చుని ఆపాలి, ఇతను నిలబడి ఆపబోయాడు" అని విడమరిచాడు. పెద్ద టోర్నమెంట్లలో కూడా ఇద్దరు వ్యాఖ్యాతలు ఇలాగే పని పంచుకుంటారు, ఒకరు జరిగేది చెబుతారు, ఒకరు ఎందుకు జరిగిందో చెబుతారు. మధ్యాహ్నానికి వెనక వరసల్లో అమ్మలు కూడా ఎవరు గెలుస్తున్నారో అర్థమై చప్పట్లు కొడుతున్నారు.

మూడున్నరకి గొడవ వచ్చింది. లూజర్స్ బ్రాకెట్, అంటే ఒకసారి ఓడినవాళ్ళ పట్టిక, దాని సెమీఫైనల్. సామర్లకోట నుంచి వచ్చిన ఇంటర్ కుర్రాడు చెరో ఆట అయ్యాక, మూడు రౌండ్లు గెలవాల్సిన ఆఖరి ఆటలో రెండు రౌండ్లు గెలిచి, మూడో రౌండులో అవతలివాడికి చారెడు ప్రాణం మిగిలి ఉండగా, తెర మీద ఆట పోయి "ఈ కంట్రోలర్ వాడుతున్నది ఎవరు?" అన్న పేజీ వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. గంట క్రితం అదే టీవీ మీద ఆడి ఓడిన ఒకతను సంచీ సర్దుకుంటూ తన కంట్రోలర్ మీద పీఎస్ గుండీ నొక్కాడు. అది ఇంకా ఆ పీఎస్4తో జతపడే ఉంది. వాడి తప్పు కాదు. లేచేముందు జత తీసెయ్యాలని మేం ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆడుతున్న ఇద్దరిలో ఎవరిదైనా కంట్రోలర్ వల్ల ఆగితే ఆ రౌండు అవతలివాడికి ఇచ్చేయడం మామూలు పద్ధతి. మూడోవాడి వల్ల ఆగితే? నేనే రిఫరీని. రౌండు మళ్ళీ ఆడమన్నాను. మళ్ళీ ఆడిన ఆ రౌండు సామర్లకోట అబ్బాయి ఓడాడు. తర్వాతి రెండూ ఓడాడు. సెట్ పోయింది, పోటీ నుంచి పోయాడు.

ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ అబ్బాయికి అన్యాయం జరిగిందన్నది కూడా అంతే నిజం. దగ్గరికెళ్ళి "తమ్ముడూ, పొరపాటు మాది" అని చెప్పాను. అతను మాట్లాడలేదు. బయటికి వెళ్ళి పంపు దగ్గర మొహం కడుక్కుని, లోపలికి వచ్చి, నా బల్ల మీద కాగితం తీసుకున్నాడు. ఖాళీగా ఉన్న నాలుగో టీవీ దగ్గరికి మా తమ్ముణ్ణి పిలుచుకెళ్ళాడు. ఇరవై నిమిషాల తర్వాత నా ముందు పెట్టిన కాగితం ఇది. అక్షరం మార్చలేదు:

"విషయం: ఆడనివాడి కంట్రోలర్ వల్ల ఆట ఆగిపోతోంది.
1. రెండు కంట్రోలర్లు కాక మూడోది కూడా అదే పీఎస్4కి కలపాలి.
2. మూడోది ఆఫ్ చేసి సంచిలో పెట్టాలి.
3. ఇద్దరు ఆట మొదలుపెట్టాలి.
4. సంచిలో ఉన్నదాని పీఎస్ గుండీ నొక్కాలి.
జరగాల్సింది: ఆట నడవాలి. జరిగింది: ఆట కనబడకుండా వేరే పేజీ వచ్చింది.
5కి 5 సార్లు వచ్చింది. ఆడేవాళ్ళు కేబుల్ పెట్టుకున్నా వస్తోంది. షేర్, పీఎస్ రెండూ కలిపి నొక్కి పట్టుకుని జత తీసేశాక 5కి 0.
ఎంత పెద్దది: చాలా పెద్దది. మనిషి ఓడిపోతాడు."

నేను అప్పటికే అందరికీ కేబుళ్ళు పంచుతున్నాను, దాంతో సరిపోతుందనుకుని. సరిపోదని అతను పరీక్ష చేసి చూపించాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మూణ్ణెల్లు నేర్పినా రాని అలవాటు అది: కారణం తెలిసిపోయిందనుకున్నాక కూడా ఇంకొకసారి చూడటం. మాస్టారి మైకు తీసుకుని అందరికీ చదివి వినిపించాను. ఆ కాగితంలోని ఆఖరి పరిష్కారాన్ని మార్కరుతో అట్ట మీద రాసి నాలుగు టీవీలకీ కట్టాం. ఫైనల్ దాకా ఇంకే ఆటా ఆగలేదు.

గ్రాండ్ ఫైనల్లో అప్పటిదాకా ఓడనివారు ఓడటంతో రీసెట్, అంటే ఇంకో సెట్, పడింది, 63వ సెట్ దాకా ఆడారు. గెలిచినమ్మాయి గురించి పార్లర్ అన్నయ్య పొద్దున్నే చెప్పాడు, చూస్తూ ఉండు అక్కా అని. 32 మందిలో ముగ్గురే అమ్మాయిలు. నేను పార్లర్‌కి వెళ్ళే రోజుల్లో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. కప్పు, ఒక కంట్రోలర్, రెండు కిలోల కాజా. కాజా అక్కడికక్కడే అందరికీ పంచేసింది.

సామర్లకోట అబ్బాయి వాళ్ళ నాన్నగారు చీకటి పడ్డాక తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆయన సూటిగా అడిగారు. "అమ్మా, ఇది ఉద్యోగమా, ఆటా? మీరు మావాడికి ఆశ పెట్టేసి వెళ్ళిపోతే ఎలాగ?" ఉన్నదున్నట్టు చెప్పాను. ఆడి బతికేవాళ్ళు చాలా కొద్దిమందేనండీ అన్నాను. ఇ-స్పోర్ట్స్‌ని 2022 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ కిందికి తెచ్చారు, ఆసియా క్రీడల్లో పతకాలున్నాయి, 2026 నగోయా క్రీడల్లో టెక్కెన్‌ని కూడా పెట్టారు, కానీ అక్కడికి వెళ్ళేది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. టెస్టింగు, బొమ్మలు, శబ్దం, కోడ్, పోటీల నిర్వహణ, వీటిలో పనులున్నాయి, వాటిలోనూ కాంట్రాక్టు ఉద్యోగాలు ఎక్కువ. ప్రాజెక్టు అయిపోతే పని అయిపోయిన నెలలు నేనూ చూశాను. నా మొదటి జీతం 18 వేలు. ఇంటర్ మానేయనివ్వకండి, డిగ్రీ చదవనివ్వండి, ఆదివారాలు మాత్రం మాకివ్వండి అన్నాను. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి కొడుకు రాసిన కాగితం రెండుసార్లు చదివారు. "ఇది వీడే రాశాడా?" అన్నారు. వీడే అండీ అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయారు. నాకు కావాలని ఫోటో తీసుకుని ఇచ్చేశాను.

ఆదివారాల కోసం పుస్తకంలో పేర్లు రాయించుకున్నవాళ్ళు 19 మంది. నెలకి రెండు ఆదివారాలు, పార్లర్ పైగదిలో, పొద్దున్న పూట. గోడో నేను హైదరాబాదు నుంచి వీడియోలో చెబుతాను, ఎదురుగా కూర్చోబెట్టి చూపించేది జేఎన్‌టీయూ విద్యార్థులు ఇద్దరు. ఇప్పటికి నాలుగు ఆదివారాలు అయ్యాయి. పోయినసారి 12 మంది వచ్చారు. సామర్లకోట అబ్బాయి మూడింటికి వచ్చాడు, నాలుగోదానికి ప్రాక్టికల్స్ ఉన్నాయని ముందే ఫోన్ చేశాడు.

పోటీలయిన ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి సామాన్లు ఆటోకి ఎత్తించాక తాళం ఇవ్వడానికి వెళ్ళాను. ఓనరు గారు గోడమీద క్యాలెండరు దగ్గర నిలబడి ఉన్నారు. "ఆషాఢంలో కూడా ముహూర్తాలుండవమ్మా" అన్నారు. "హాలు ఖాళీయే. ఆ వెనక గోడవైపు ప్లగ్గులు తక్కువైనట్టున్నాయి, అప్పటికి ఇంకో నాలుగు పెట్టిస్తాను. మనిషిని పిలిపిస్తాను, ఎక్కడెక్కడ కావాలో చూపించి వెళ్ళండి."

వెళ్ళి సుద్దముక్కతో గుర్తులు పెట్టి వచ్చాను. నాలుగు చాలవు, ఆరు పెట్టాను.